బివీ బ్యాగ్ కొనేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

ఎట్టకేలకు నాకు కావలసిన బివీ బ్యాగ్ దొరికింది. ఎప్పుడూ వాడనివారికి ఒక్క మాట చెప్పాలి: ఇది స్లీపింగ్ బ్యాగ్ మీద తొడుక్కునే పలుచని సంచి; ఇందులో దూరి ఆరుబయట పడుకోగలిగితే టెంట్ మోసే బాధ తప్పుతుంది.

ఏ రకం తీసుకోవాలన్నది త్వరగానే తేలింది. ముఖం మీద కమాను నిలిపే రకం కిలోకు అటూ ఇటూగా తూగుతుంది. అంత బరువు మోసేవాడు చిన్న టెంటే మోసుకోవచ్చు. అల్యూమినియం పూత ఉన్న అత్యవసర సంచి 100 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది గానీ, ఒంటి ఆవిరి దానిలోనుంచి బొత్తిగా బయటికి పోదు కనుక అది ఆపదలో వాడుకోవడానికే తప్ప రోజూ నిద్రపోవడానికి కాదు.

అసలు తిప్పలన్నీ గుడ్డ దగ్గరే వచ్చాయి. అంతకుముందు స్నేహితుని బివీలో పడుకున్నప్పుడు, చుక్క వాన పడకపోయినా తెల్లవారేసరికి నా స్లీపింగ్ బ్యాగ్ కాళ్ల వైపు తడిసిపోయి, లోపలి ఈకలు ఉండలు కట్టాయి. నిద్రలో మన ఒంటి నుంచి, ఊపిరి నుంచి వెలువడే ఆవిరి చల్లబడిన గుడ్డకు లోపలి వైపున నీరై పేరుకుంటుంది. అందుకే ఆవిరిని బయటికి పంపే గుడ్డ కోసం వెతుకుతూ ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. అక్కడ చూసిన ఒక బివీ అట్ట మీద రెండు చోట్ల 20,000 అని ఉంది. ఒకటి నీటిని ఆపే శక్తి, అంటే 20 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడికి తట్టుకుంటుందని అర్థం. రెండవది చదరపు మీటరు గుడ్డలోనుంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెప్పే లెక్క. ఈ రెండవ అంకె పరీక్షించే పద్ధతిని బట్టి మారిపోతుంది. నీళ్లు పోసి మూతిపై ఆ గుడ్డ బిగించిన గిన్నెను నిలబెట్టి పరీక్షిస్తే ఒకటి, బోర్లించి పరీక్షిస్తే మరొకటి వస్తుంది. పద్ధతి చెప్పకుండా రెండు కంపెనీల అంకెలను పోల్చడం దండగ.

ఏ పద్ధతిలో పరీక్షించారని అడిగినందుకు అమ్మకందారు, "సార్, ఇరవై వేలంటే ఇరవై వేలే" అని, అవతలి కౌంటరు వరకు వినబడేలా, "ఈయనకు ల్యాబ్ రిపోర్టు కావాలట!" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెంట తెచ్చుకున్న స్లీపింగ్ బ్యాగ్, గాలి నింపే మ్యాట్ ఆ బివీలో దూర్చి, దుకాణం నేల మీదే పడుకుంటానన్నాను. "ఇది పరుపుల కొట్టు కాదు సార్" అన్నా నేను వినలేదు. లోపలికి దూరి చూస్తే కాలివేళ్ల మీద గుడ్డ బిగుసుకుపోయింది. పైనుంచి వేలితో నొక్కితే ఈకల మెత్తదనం లేకుండా నేరుగా కాలికే తగిలింది. అలా అణిగిపోయిన ఈకలు వెచ్చదనం ఇవ్వవు. పక్కనే నిలబడి ఇదంతా చూసిన ఒకాయన తన చేతిలోని అదే సరుకును చప్పుడు చేయకుండా అరలో పెట్టేశాడు. అరువు తెచ్చుకున్న అంకెలు వల్లించే అమ్మకందారుల కంటే ఒక్కసారి నేల మీద పడుకుని చూడడమే మేలని అక్కడున్నవారికైనా తెలిసి ఉంటుంది.

చివరికి వేరే చోట, అడుగు భాగం పూర్తిగా నీరు పట్టనిది, పై భాగం తుంపరను మాత్రమే ఆపేది, మ్యాట్‌తో సహా వదులుగా పట్టేది, ముఖం దగ్గర దోమతెర ఉన్నది తీసుకున్నాను. బరువు దాదాపు 200 గ్రాములు. వానకు పైన చిన్న టార్పాలిన్ కడతాను. వాతావరణం వెచ్చగా, తేమగా ఉంటే ఎంత ఖరీదైన పొర అయినా ఆవిరిని సరిగా బయటికి పంపలేదు. లోపలికీ బయటికీ తేమలో తేడా ఉంటేనే అది పనిచేస్తుంది. ఎంత చలి వేసినా నోరు, ముక్కు సంచి బయటే ఉంచాలి. కంపెనీ చెప్పే బరువును నమ్మకుండా మీరే తూచుకోండి. మడిచి పెట్టుకునే సంచి బరువు అందులో కలిపారో లేదో చాలామంది చెప్పరు. నా దానిలో జిప్పు మలుపు దగ్గర దోమతెర అంచును పట్టేస్తోంది. బయలుదేరేలోగా అక్కడ అంచు మడిచి కుట్టించాలి.