గొల్యాతు కంటే ముందు

బైబిల్లోని దావీదు అనగానే అందరికీ, గొల్యాతు అనే భారీ యోధుణ్ని పడగొట్టిన వడిసెలే గుర్తొస్తుంది. షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని కదా, నా కన్ను మొదటి సమూయేలు 17వ అధ్యాయం 20వ వచనం దగ్గరే ఆగుతుంది. యుద్ధంలో ఉన్న అన్నలకు వేయించిన ధాన్యం, పది రొట్టెలు, వాళ్ల సహస్రాధిపతికి పది జున్నుగడ్డలు ఇచ్చి రమ్మన్నాడు తండ్రి యెష్షయి. కుర్రాడు పొద్దున్నే లేచి, గొర్రెల్ని ఇంకో కాపరికి అప్పగించాకే బయల్దేరాడు. ఏలా లోయలో యుద్ధకేకలు వినబడుతున్నా, సామాను కావలివాడి చేతికిచ్చాకే పరుగెత్తాడు.

అయినా పెద్దన్న ఏలీయాబు, ఆ కాసిని గొర్రెల్ని ఎవరి మీద వదిలేసి వచ్చావని మండిపడ్డాడు. దావీదు వాదన పెంచలేదు. నేనేం చేశానని ఒక్క మాట అని, అటు తిరిగి ఇంకొకరితో మాట్లాడసాగాడు.

హ్యాండోవర్ రాయకుండా బస్సెక్కేసే మావాళ్లకు ఇదే చెప్తుంటాను. గొల్యాతు దాకా వెళ్లను, టీ టైమ్ అయిపోతుంది.