అరుగు మీద హోంవర్కు: నా అనుభవం

తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి తిరుపతి బైరాగిపట్టెడలో స్థిరపడ్డాక, పక్కింటి పిల్లవాడొకడు తెచ్చిన సంధి ప్రశ్నకు జవాబు చెప్పడంతో మొదలైన పని, నెల తిరిగేసరికి రోజూ సాయంత్రం ఏడెనిమిది మంది మా అరుగు మీద పుస్తకాలు పరిచే దాకా వచ్చింది. బడిలో ఇన్నేళ్లూ ప్రశ్నలు అడిగినవాణ్ణి నేనే కనుక, అడిగించుకోవడం ఇంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియలేదు.

వ్యాకరణం నాకు అలవాటైన దారి. అయినా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ‘వెంకన్న’ అనే మాటకు గణం కట్టమంటే ‘న్న’ మీద గురువు గుర్తు పెట్టి, "ఒత్తు దాని కిందనే కదా సార్ ఉండాది, బరువు దానికే కదా" అని అడిగినప్పుడు సూత్రం అప్పజెప్పి ఊరుకోలేకపోయాను. ఆ మాటను మెల్లగా విరిచి పలకమన్నాను. ‘వెం’ దగ్గర సున్న వల్ల ఒకసారి, ‘కన్’ దగ్గర ఒత్తు వల్ల మరోసారి గొంతు ఆగుతుందనీ, చివరి ‘న’ తేలికగా జారిపోతుందనీ తనే చెప్పింది. రెండు గురువులు, ఒక లఘువు, కనుక తగణం. ఒత్తు బరువును ముందున్న అక్షరం మోస్తుందన్న సంగతి కంటికి కాక చెవికి తెలియవలసినదని ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఆ రోజే తట్టింది.

సాహిత్యంలో పిల్లలకు కావలసింది భావం రెండు ముక్కల్లో; అది చెప్పించడం కన్నా పద్యాన్ని రెండుసార్లు పైకి చదివించడమే మేలని నా అభిప్రాయం.

నన్ను తడబెట్టినది చరిత్ర. 1639లో మదరాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన రాజెవరని ఒక పిల్లవాడు అడిగితే, చంద్రగిరి కోట పేరు చెబుతూ ఇక్కడ అందరూ అనే మాటే, శ్రీరంగరాయలని, తడుముకోకుండా చెప్పాను. మరునాడు వాడు పుస్తకం తెరిచి పట్టుకొని వచ్చి, "శ్రీరంగరాయలు రాజయిందే 1642లో అని రాసుండారు సార్, మూడేండ్ల ముందే పట్టా ఎట్లిచ్చినాడు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రెండు రోజులు గడువు అడిగి పాత పుస్తకాలు తిరగేస్తే చిక్కుముడి విడింది. 1639 ఆగస్టులో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు పట్టా ఇచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. అప్పటి విజయనగర ప్రభువు పెద వెంకటరాయలు. ఆయన తరువాత వచ్చిన శ్రీరంగరాయలు 1645లో ఆ హక్కును తిరిగి ఖాయపరిచాడు. జరిగినవి రెండు పట్టాలైతే నేను వాటిని ఒకటి చేసి చెప్పాను. తప్పు నాదేనని పిల్లలందరి ముందూ ఒప్పుకొని, ఆ పిల్లవాడి చేత జవాబు మళ్లీ రాయించాను.

అప్పటినుంచి ఏ సంవత్సరం వచ్చినా దాని పక్కన రాజు ఏలుబడి కాలం రాసుకోమంటున్నాను. మొన్న వాడి చెల్లెలు తళ్లికోట యుద్ధంలో కృష్ణదేవరాయలు ఓడిపోయాడని రాస్తే, నేను కళ్లజోడు వెతుక్కునే లోపే వాడు ఆ పేరు కింద 1529 అనీ, యుద్ధం కింద 1565 అనీ వేసి, పుస్తకం దాని ముందుకే తోశాడు.