ఒకే తొట్టిలో తేళ్లు: ఏవి సర్దుకుంటాయి, ఏవి సర్దుకోవు

తేళ్లను కలిపి పెంచాలంటే ముందు చూడాల్సింది జాతి. ఎంపరర్ తేలు, ఆసియా అడవి తేలు సాధారణంగా తోటివాటిని సహిస్తాయి. హాడ్రూరస్ లాంటి ఎడారి తేళ్లను మాత్రం విడిగానే ఉంచాలి. రెండు జాతుల్ని కలపనే వద్దు. ఒకే జాతిలోనైనా సైజు సమానంగా ఉండాలి, లేకపోతే చిన్నది పెద్దదానికి ఆహారమే.

మూడు ఎంపరర్లకు 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పున్న గాజు తొట్టి చాలు. అడుగున 12–15 సెం.మీ. మందాన తడి కొబ్బరి పొట్టు వేసి గట్టిగా అదమండి. వదులుగా ఉంటే బొరియలు కూలిపోతాయి. పిడికిట్లో పిండితే పొట్టు ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. దాక్కోవడానికి బెరడు ముక్కలు తేళ్ల కన్నా ఒకటి రెండు ఎక్కువే పెట్టండి. తొట్టిని వెచ్చబరిచే కరెంటు పట్టా (హీట్ మ్యాట్) అడుగున వద్దు, పక్క గోడకు అతికించండి. వేడెక్కితే తేలు కిందికే తవ్వుతుంది మరి.

అసలు ప్రమాదం కుబుసం విడిచేటప్పుడు. కడుపునిండా పెడితే ఒకదాన్నొకటి తినవనే మాట నమ్మకండి. ఒళ్లు మెత్తగా ఉన్న తేలు పారిపోలేదు, తిరగబడలేదు. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే మిగతావి నీలిఆకుపచ్చగా మెరుస్తాయి, అప్పుడే కుబుసం విడిచింది మాత్రం వెలవెలబోతూ కనిపిస్తుంది. దాన్ని కదపకుండా మిగతావాటిని పొడవాటి పటకారుతో వేరే పెట్టెలోకి మార్చండి. తినకుండా వదిలేసిన కీచురాళ్లనూ తీసేయాలి, అవి కూడా మెత్తటి తేలును కొరుకుతాయి.

పొట్ట ఉబ్బి, పక్కల చర్మం సాగిన ఆడతేలును ఈనకముందే వేరు చేయండి. పిల్లలు వీపు మీద ఉండగా కదిపితే తల్లే వాటిని తినేయవచ్చు.