ఏడో ఆకు

రథసప్తమి ముందు రోజు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. "జిల్లేడాకులు ఎక్కడ దొరుకుతాయండీ?" అని. ఒకావిడ ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్యాకెట్ ఫొటో పెట్టారు. ఏడు ఆకులు, ఏడు రేగుపళ్లు, పైన సూర్యుడి బొమ్మ. ఆకులు అప్పటికే వడిలి అంచులు నల్లబడ్డాయి. ఇంకొకాయన, అందులో చిక్కుడాకులు కూడా వస్తాయా అని అడిగారు. నాకు చిరాకొచ్చింది. "అర్కే చేన్మధు విందేత కిమర్థం పర్వతం వ్రజేత్" అని పెద్దలన్నారు. జిల్లేడు మీదే తేనె దొరుకుతుంటే కొండెక్కడం దేనికి అని. ఇప్పుడు మనం ఆ జిల్లేడు కోసమే కొండెక్కుతున్నాం అని గ్రూపులో టైప్ చేశాను. పంపబోయి చెరిపేశాను. ఎందుకో చివర్లో చెబుతాను.

రథసప్తమి పొద్దున జిల్లేడాకులు ఒంటి మీద పెట్టుకుని స్నానం చేసేటప్పుడు "యద్యజ్జన్మకృతం పాపం" చాలామంది చదువుతారు. దాని వెంట వచ్చే శ్లోకాలు మాత్రం చన్నీళ్ల తొందరలో కొట్టుకుపోతాయి.

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితం
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః
ఇతి సప్తవిధం పాపం స్నానాన్మే సప్తసప్తికే
సప్తవ్యాధిసమాయుక్తం హర మాకరి సప్తమి

లెక్కపెట్టండి. ఈ జన్మలోది, వెనకటి జన్మలది, మనసుతో, మాటతో, ఒంటితో చేసినవి, తెలిసి చేసింది, తెలియక చేసింది. ఏడు. మొదటి ఆరింటికీ ఏదో ఒక దారుంది. కనీసం ఎవరి దగ్గర తల వంచాలో తెలుస్తుంది. ఏడోదే నన్ను ఏళ్లుగా పట్టుకుని వదలదు. తెలియనిదానికి క్షమాపణ ఎవరికి చెప్పుకుంటాం?

మా మామ్మ ఆకులు పెట్టే వరస ఇది. తల మీద ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ల మీద రెండు, చివరికి పాదాల మీద రెండు. ఏడో ఆకు ఎడమ పాదం మీదికి వచ్చేది. ఆ ఆకునీ ఈ పాపాన్నీ జతకట్టింది నేనే, శాస్త్రంలో ఉందని అనను. కానీ తెలియక చేసే పాపంలో సగం కాళ్ల కిందే జరుగుతుంది కదా. చీమలు, మొలకలు, ఎవరో వేసిన ముగ్గు. పొద్దున్నే నేల మీద కాలు మోపబోతూ "పాదస్పర్శం క్షమస్వ మే" అని భూదేవిని అడిగేదీ ఇందుకే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, మాది శ్రీకాకుళం దగ్గర పల్లె, చెరువు గట్టు మీద ఆకులు కోయడానికి మామ్మతో వెళ్లాను. జిల్లేడాకు మందంగా, వెనక బూడిద రాసినట్టు తెల్లగా ఉంటుంది. తుంచగానే తొడిమ దగ్గర పాలు బొట్టుగా ఉబ్బాయి. ముద్దొచ్చి వేలితో తీసి, అదే వేలితో కన్ను నులుముకున్నాను. ఇక చూడండి! మామ్మ చెరువు నీళ్లు దోసిళ్లతో కొడుతూనే ఉంది. తిట్టలేదు. "నీకు తెలీదు, దానికీ తెలీదు నాయనా" అంది. కాసేపటికి కన్ను తెరిచేసరికి, నేను తుంచిన చోట మట్టి అద్దుతోంది.

ఆ పండగలో కొనేదంటూ ఏమీ ఉండేది కాదు మాకు. ధనుర్మాసం గొబ్బెమ్మలు ఎండబెట్టిన పిడకల మీద, తులసికోట ముందు పాలు పొంగేవి. కొత్తబియ్యం, కొత్తబెల్లం. పాదు మీద చిక్కుడుకాయలు కోసి చీపురుపుల్లలు గుచ్చితే రథం. పరమాన్నాన్ని చెరకుగడతో కలిపేది మామ్మ, చిక్కుడాకుల్లో పెట్టి ఎండకు నైవేద్యం చూపించేది. అరసవల్లి సూర్యుడి గుడి అంత దగ్గరలో ఉన్నా ఆ రోజు క్యూ చూసి, "స్వామి మన వాకిట్లోకే వస్తాడు, పాలు చూసుకో" అనేది.

ఇప్పుడు నా సంగతి. మార్గశిరంలో ఒక ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్ జరిగింది. ప్రహరీ వెనక పిచ్చిమొక్కలు పెరిగాయి, పాములొస్తాయి, జేసీబీ పెట్టి చదును చేయిద్దామన్నారు. చేతులెత్తమన్నారు. ఎత్తాను. అక్కడ మూడు జిల్లేడు పొదలు, ఒక రేగు ఉన్నాయి. రోజూ కారు తీస్తూ చూస్తున్నవే. ఆ క్షణంలో అవి నాకు పిచ్చిమొక్కలే. చెరిపేసిన మెసేజ్ కథ అదీ.

2026లో సప్తమి జనవరి 25, ఆదివారం నాడు పడింది. చీకటితోనే లేచి మూడు కిలోమీటర్లు నడిచి, రైలు పట్టాల పక్కన ఆకులు కోసుకొచ్చాను. కిట్ తెప్పించిన ఆవిడకూ ఏడు ఇచ్చాను. స్నానంలో ఎడమ పాదం మీది ఆకు జారిపోతుంటే రెండుసార్లు మళ్లీ పెట్టుకున్నాను.

మీ గోడ వెనక ఏముందో ఒకసారి వెళ్లి చూడండి. కొట్టేయమనే ముందు వాటి పేరేమిటో వాచ్‌మన్‌నైనా అడగండి, మనకన్నా అతనికే తెలుసు. జిల్లేడు వేరు లోతుకు పోతుంది, పైన కొట్టినంత మాత్రాన చావదు. మా ప్రహరీ వెనక చదును చేసిన ఎర్రమట్టిలో మొన్న రెండు జతల ఆకులు లేచాయి. చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి వచ్చాను.