ఏ కీలు పలకడం లేదో ముందు చూడాలి

ల్యాప్‌టాప్ కీబోర్డు పాడైందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఏ కీలు పలకడం లేదని. ఒక్క కీయా, కొన్నా, మొత్తం కీబోర్డా అన్నది తేల్చుకోకుండా డ్రైవర్లు తీసివేయడం, విండోస్‌ను మళ్ళీ ఎక్కించడం చీకట్లో బాణం వేయడమే.

అసలు లోపమే లేని సందర్భాలను ముందుగా పక్కన పెట్టాలి. విడిగా అంకెల కీలు లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ పడిందంటే యు, ఐ, ఓ నొక్కినప్పుడు 4, 5, 6, వాటి కిందనున్న జె, కె, ఎల్ నొక్కినప్పుడు 1, 2, 3 వస్తాయి. కుడివైపు షిఫ్టును 8 సెకన్లు అదిమి ఉంచితే విండోస్ ఫిల్టర్ కీస్‌ను ప్రారంభించమంటారా అని అడుగుతుంది. చూసుకోకుండా సరేనంటే, ఆ తరువాత చకచకా కొట్టిన అక్షరాలు పడవు. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ టైపు చేసేవారు ఆల్ట్, షిఫ్ట్ కలిసి నొక్కుకుపోయి లేఅవుట్ మారిన సంగతిని గమనించక కంగారు పడటం మామూలే.

ఇవేవీ కాకపోతే, విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి (విండోస్‌తో పని లేకుండా నడిచే, యంత్రం సొంత సెట్టింగుల తెరలోకి) వెళ్ళి బాణం కీలు, అంకెలు, ఎంటర్ పనిచేస్తున్నాయేమో చూడాలి. లోపలికి వెళ్ళడానికే కీలు సహకరించకపోతే యూఎస్‌బీ కీబోర్డును తగిలించవచ్చు. ఇక్కడ చక్కగా పనిచేసిన కీలే విండోస్‌లో మొరాయిస్తే, విండోస్‌లో పరికరాల జాబితాను చూపే డివైస్ మేనేజర్‌లో కీబోర్డును అన్‌ఇన్‌స్టాల్ చేసి యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే తరచూ సరిపోతుంది. బయోస్‌లోనూ పలకకపోతే లోపం విండోస్‌ది కాదు. అప్పుడు కూడా విప్పేముందు ఛార్జరు తీసి, ఆపివేసిన యంత్రం పవర్ బటన్‌ను అర నిమిషం అదిమి ఉంచి చూడటం మంచిది. కీబోర్డును చదివే కంట్రోలర్ ఒక్కొక్కసారి దానితోనే దారికి వస్తుంది.

ఏ కీలు అన్న ప్రశ్నకు అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. కీబోర్డులో ప్రతి కీకీ సొంత తీగ ఉండదు. పలుచని ప్లాస్టిక్ పొరల మీద విద్యుత్తు పారేలా గీసిన అడ్డ గీతలూ నిలువు గీతలూ కలిసే చోటే ఒక్కొక్క కీ ఉంటుంది. 8 అడ్డ గీతలు, 16 నిలువు గీతలు ఉంటే 24 గీతలతోనే 128 కీలను గుర్తించవచ్చు. అందువల్ల ఒక్క గీత తెగినా దాని మీది కీలన్నీ కలిసికట్టుగా మూగబోతాయి. కంటికి కనిపించే వరుసలతో ఈ గీతలకు పొంతన లేదు కనుక, చెల్లాచెదురుగా ఉన్న నాలుగైదు కీలు ఒకేసారి పోయాయంటే నేను దుమ్మును కాక పొరనో, దానిని మదర్‌బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్‌నో అనుమానిస్తాను. కేబుల్ కొద్దిగా వదులైతే తీసి నేరుగా బిగిస్తే చాలు. ఒక్క కీ మాత్రమే ఇబ్బంది పెడుతుంటే దాని కింద చేరిన చెత్తో, కీని పైకీ కిందికీ ఆడించే కత్తెర ఆకారపు ప్లాస్టిక్ ముక్క విరగడమో కారణమై ఉంటుంది. తీపి పానీయం ఒలికినప్పుడు కీబోర్డు ఆరినంత మాత్రాన బాగుపడినట్టు కాదు. లోపల మిగిలిన చక్కెర జిగురు కీలను పట్టేస్తుంది, తడి తగిలిన గీతలు నెమ్మదిగా తుప్పుపడతాయి.

కీబోర్డు మధ్యలో ఉబ్బెత్తుగా లేచినా, టచ్‌ప్యాడ్ పైకి వచ్చినా కీల సంగతి పక్కన పెట్టి ఛార్జింగ్ ఆపివేయాలి. అది బ్యాటరీ ఉబ్బిన లక్షణం, దానిని గుచ్చడం, నొక్కడం ప్రమాదకరం.

పాడైన కీబోర్డును అలాగే ఉంచి బయటి కీబోర్డుతో నెట్టుకురావచ్చు గానీ, లోపల కంట్రోల్ కీ నొక్కుకుపోయి ఉంటే బయటి కీబోర్డులో ఎస్ నొక్కినా ఫైలు సేవ్ అవుతుంది. అప్పుడు లోపలి రిబ్బన్‌ను ఊడదీయడమే మార్గం. అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ బటన్ కూడా ఆ కీబోర్డులోనే ఉంటుంది కాబట్టి, రిబ్బన్ తీసేముందు ఆ బటన్ ఎక్కడుందో చూసుకోవాలి; లేకపోతే యంత్రాన్ని ఆన్ చేసే దారే ఉండదు.