లాన్ బదులు ఆకుకూరలు: మా ముందు వాకిలి కథ, నా అనుభవం

మాది రాజమండ్రి శివార్లలో తూర్పు ముఖం ఇల్లండి, ముందు వైపు 30 అడుగుల పొడవు 20 అడుగుల వెడల్పు ఖాళీ. అక్కడ ఏం వెయ్యాలి అనేసరికి ఇంట్లో తలో పార్టీ అయిపోయాం. మావారికి మెక్సికన్ గ్రాస్ లాన్ కావాలి, మధ్యలో లైట్లు కూడానట. అత్తయ్యగారికి ఆకుకూరలు, పాదులు. మామయ్యగారికి వాస్తు. నాకేమో గేటు తియ్యగానే అబ్బ బాగుందే అనిపించాలి, పొద్దున్నే కోసుకుని పొయ్యి మీద పెట్టేలాగా కూడా ఉండాలి.

కూరమళ్ళతో చిక్కేంటంటే అవి అందంగా ఉండేది కొన్నాళ్ళే. తోటకూర విత్తనం జల్లితే నెలలోపే పీకేస్తాం, ఆ తర్వాత అక్కడ ఉత్త మట్టి. అందుకని నేను పట్టుకున్న పాయింట్ ఒకటే, అందం అంతా మనం తినేసే మొక్కల మీద పెట్టకూడదు, కదలకుండా ఉండేవాటి మీద పెట్టాలి. అంటే దారి, మడి అంచులు, పందిరి, ఏళ్ళ తరబడి ఉండే మొక్కలు. ఇవి నీట్‌గా ఉంటే మధ్యలో ఒక మడి ఖాళీ అయినా కంటికి పెద్దగా ఆనదు.

ముందు మట్టి పని. ఇల్లు కట్టిన చోట ఉండేది మట్టి కాదు కదా, గ్రావెలూ సిమెంటు పెళ్ళలూను. ఒక అడుగు లోతు తీయించేసి ఒండ్రుమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపించాం. కొత్త పేడ మాత్రం వద్దండి, వేడికి మొక్క మాడిపోద్ది, చెద కూడా పడుతుంది. మడి వెడల్పు 4 అడుగులు దాటనివ్వలేదు, రెండు పక్కల నుంచీ మధ్య దాకా చెయ్యి అందాలి, అందకపోతే లోపలికి దిగాలి, తొక్కిన కొద్దీ మట్టి గట్టిపడిపోతుంది. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలే ఏటవాలుగా పాతి అంచులు కట్టించాను, ఖర్చు తక్కువ, చూడ్డానికి మాత్రం చాలా బాగుంది.

ఇక ఎండ దగ్గర మామయ్యగారికీ నాకూ తగువు పడింది. ధనుర్మాసంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి మా వైపు 6 అడుగుల మొక్కకి మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు దగ్గరదగ్గర 5 అడుగుల నీడ పడుతుంది, కాబట్టి ఎత్తైనవి ఉత్తరం పక్కన, పొట్టివి దక్షిణం పక్కన ఉండాలి అని నా లెక్క. వాస్తు సరిగ్గా దీనికి తిరకాసు, బరువైన చెట్లన్నీ దక్షిణం పడమర వైపే, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి అంటారు. రోజులకి రోజులు వాదించుకుని చివరికి తేల్చింది ఏంటంటే, పందిరి అనేది చెట్టు కాదు కదా, దానికి వాస్తు అడ్డు రాదు అని! ఉత్తరం గోడ పొడుగునా జీఐ (జింకు పూత ఉన్న ఇనప) పైపులతో 7 అడుగుల పందిరి వేసి తీగలన్నీ దాని మీదకి ఎక్కించాం, ఈశాన్యంలో తులసి, కొత్తిమీర పెట్టాం, ఇద్దరి మాటా నెగ్గింది. వెదురు పందిరి ఇంకా అందంగా ఉంటుంది గానీ మా వానలకీ తుఫాన్లకీ అడుగున పుచ్చిపోతుందని పైపులకి వెళ్ళాం.

మొక్కలకి దూరం పోనక్కర్లేదు, కడియం, కడియపులంక నర్సరీలు పక్కనే. దారి బోర్డర్‌కి నిమ్మగడ్డి వెయ్యమన్నారు ఒకచోట, అది దుబ్బు కట్టి నడుం దాకా లేస్తుంది, ఆకు అంచు కాళ్ళకి గీరుకుంటుంది, అందుకే దాన్ని ఓ మూలకి పంపాను. బోర్డర్‌కి నేను వేసింది పొన్నగంటి కూర. ఇది నిజంగా అందరికీ చెప్పాలనిపిస్తుంది నాకు. నేలబారుగా గుబురుగా వస్తుంది, కూరకి కత్తిరించిన ప్రతిసారీ క్రోటన్ బోర్డర్ ట్రిమ్ చేసినట్టు సాపుగా తయారవుతుంది, కత్తిరించిన చోటే మళ్ళీ చిగురేస్తుంది. పుదీనా మాత్రం అడుగు తీసేసిన బకెట్‌లో పెట్టి ఆ బకెట్‌నే నేలలో పాతాను, విడిగా వేస్తే మడంతా అదే.

రంగుల కోసం పూలమొక్కలే అక్కర్లేదండి. పాలకూర వరస పక్కన ఎర్ర తోటకూర వరస వేస్తే చాలు. ఎర్ర కాడ గోంగూర, వంగపువ్వు ఊదారంగు, దానిమ్మ పువ్వు ఎరుపు, మధ్యమధ్యలో బంతి, బంతి వల్ల వేళ్ళకి పట్టే నులిపురుగులు కూడా తగ్గుతాయి. నీడ పడే గోడవారన కాన్నా (మెట్టతామర) బదులు పసుపు వేశాను, జూన్‌లో పెడితే వానాకాలమంతా వెడల్పాటి ఆకులు, సంక్రాంతి దాటాక ఎండిపోతుంది, అప్పుడు తవ్వుకోవడమే. గేటు ఆర్చి మీదకి ఎర్ర బచ్చలి పాకించాం, పిల్లలు ఆ నల్లటి పళ్ళు చిదిమి గోడలకి రాస్తున్నారు, అది వేరే గొడవ.

పందిరి మీద దొండ, చిక్కుడు. దొండ కొమ్మ గుచ్చితే చాలు, ఏళ్ళ తరబడి ఉంటుంది. చిక్కుడుతోనే ఓపిక పట్టాలి. తొలకరిలో గింజ పెడితే వానాకాలమంతా తీగే, ఒక్క పువ్వు ఉండదు, మావారు పీకేద్దాం అని కూడా అన్నారు. మన పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రులు పెరిగితేనే పూస్తుంది మరి. కార్తీకం వచ్చేసరికి పందిరంతా ఊదాపూలు, రథసప్తమికి రథం కట్టడానికి కాయలూ, పరమాన్నం పెట్టడానికి ఆకులూ అన్నీ ఇంట్లోవే. పూతతో పాటు పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగులు) కూడా వస్తుంది, ముందు నీళ్ళు గట్టిగా కొట్టి చూస్తా, తగ్గకపోతే లీటరుకి 5 ఎంఎల్ వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట స్ప్రే చేస్తా.

మునగ ఇంటి ముందు ఉండకూడదని అత్తయ్యగారు ఖచ్చితంగా చెప్పారు. శకునం సంగతి ఎలా ఉన్నా, గాలికి పుటుక్కున కొమ్మ విరుగుతుంది, గొంగళిపురుగులు పడతాయి, కార్ పెట్టుకునే చోట అది రిస్కే. పెరట్లోకి పంపేశాం. వంటింటి వెనకాల చక్కెరకేళి అరటి, దాని నీడలో గొడుగుల్లాంటి ఆకులతో కంద. గేటు మీద బచ్చలి ఎలాగూ ఉంది, కాబట్టి కందబచ్చలి కూరకి ఆవపిండి తప్ప ఏదీ కొనక్కర్లేదు.

ఎండాకాలం మాత్రం కష్టమే, మే నెలలో ఆకుకూరల మళ్ళ మీద 50 శాతం ఎండని ఆపే షేడ్ నెట్ కట్టాల్సిందే, ఆ ఆకుపచ్చ గుడ్డ అసలు అందంగా ఉండదు, ఏం చేస్తాం. లాన్ సంగతా, గుమ్మం పక్కన కుర్చీ పట్టేంత గడ్డి వేయించుకున్నారు మావారు, దానికి నీళ్ళు పట్టే డ్యూటీ కూడా ఆయనదే అని ముందే ఒప్పందం. ఇప్పుడు ఆగ్నేయం మూల అంజూర పెడదామని నేనంటున్నా, మామయ్యగారు పంతులుగారిని అడిగి చెప్తానన్నారు.