మావయ్య నోట్‌బుక్‌లో ఎర్రగీత
ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు సినిమా వస్తే పండగే, కానీ దాన్ని ఆడించే హక్కు కొన్న డిస్ట్రిబ్యూటర్ల టెన్షన్ ఎలా ఉంటుందో నేను మావయ్య దగ్గర చూశాను. మినిమం గ్యారంటీ మీద కొంటే సినిమా పోయినా కట్టిన డబ్బు వెనక్కి రాదు, అదే అడ్వాన్స్ పద్ధతిలో అయితే తగ్గినంత నిర్మాత తిరిగివ్వాలి, మనకు మిగిలేది కమీషనే. కలెక్షన్ అంతా మనది కాదండీ. రూ.100 దాటిన టికెట్‌పై 18 శాతం జీఎస్టీ, తర్వాత హాలు అద్దె, అవి పోగా వచ్చేదే షేర్. ఆయన నోట్‌బుక్‌లో మొదటి మూడు రోజుల కింద ఎర్రగీత ఉండేది, సోమవారం మ్యాట్నీకి హాలు ఖాళీగా కనిపిస్తే ఇక లెక్క తేలిపోయినట్టే. ఒకసారి పెద్ద సినిమాకి వారం ముందు రిలీజ్ పెట్టి, రెండో వారానికి థియేటర్ దొరక్క బాగా నష్టపోయారు. నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, జనం అక్కడికెళ్లి చూసేసి వస్తారు, అందుకే ఇక్కడా అదే రోజు బొమ్మ పడాలని పట్టుబట్టేవారు.